హ్యాండిలు, తీగ, చెయ్యి

వైద్య సంబంధమైన వ్యాసమేదైనా రాయమని సంపాదకులు మమ్మల్ని చాలాకాలంగా అడుగుతున్నారు. రక్తపోటు గురించో, మధుమేహం గురించో రాస్తామని వారు అనుకుని ఉంటారు. ఆ రెంటి గురించీ మన సంఘ సభ్యులకు మాకంటె ఎక్కువే తెలుసు. ఉగాది విందులో వడ్డన పూర్తయ్యేలోగా చెవిని బడే సంభాషణే అందుకు సాక్ష్యం. అందుచేత ఈసారి సైకిలు హ్యాండిలు గురించి రాస్తున్నాం. ఇది చరిత్ర వ్యాసమే. కాని దీన్ని మాచేత రాయించింది మా ఎడమచేతి చిటికెనవేలు.

గత వేసవిలో ఒక ఆదివారం మేమూ, మిత్రుడొకరూ డెర్బీషైరు కొండలలో సైకిళ్ల మీద అరవై మైళ్లు తిరిగి రావాలని బయలుదేరాం. మాది ఎవరో వాడి అమ్మేసిన రేసు సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. మధ్యాహ్నం దాటేసరికి చిటికెనవేలూ, ఉంగరపు వేలిలో బయటి సగమూ తిమ్మిరెక్కాయి. పట్టించుకోలేదు. రోగులు ఇలాంటివి పట్టించుకోకపోతే మందలించే వృత్తి మాది. సాయంత్రం వానలో ఒక ఏటవాలు దారి దిగుతున్నప్పుడు ఎడమచేతి బ్రేకు నొక్కాం. వేళ్లు ముడుచుకున్నాయి గాని వాటిలో సత్తువ లేదు. పైగా బ్రేకు తీగ పాతబడి గొట్టంలో పట్టేస్తున్నది. కుడిచేతిది ముందు చక్రపు బ్రేకు. తడిరోడ్డు మీద దాన్ని గట్టిగా నొక్కడానికి ధైర్యం చాలలేదు. మలుపులో మమ్మల్ని ఆదుకున్నది ఒక ముళ్లకంచె.

మర్నాడు ఉదయం చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి ఎడమచెయ్యి సహకరించలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, కుడిచేత్తో లాగి చూసుకున్నాం. దాన్ని పట్టి ఉంచడానికి బొటనవేలు కొసన వంగిపోయింది. ఈ పరీక్షను 1915లో ఫ్రోమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. అల్నార్ నాడి బలహీనపడిందనడానికి అది గుర్తు. పరీక్ష చేసే వైద్యుడూ, చేయించుకునే రోగీ ఒకరే అయినప్పుడు కలిగే భయం వేరు. చేతిమీద బతికేవాళ్లం కదా! ఆ భయంలోనే, అసలు ఈ హ్యాండిలు ఇలా ఎందుకు తయారయిందో తెలుసుకోవాలన్న పట్టుదల పుట్టింది.

ముందుగా మనకు తెలిసిన సైకిలుతో మొదలుపెడదాం. తెనాలిలో మా తాతగారికి నల్లటి ర్యాలీ సైకిలు ఉండేది. దాని హ్యాండిలు రెండు కొసలూ వెనక్కు, తొక్కేవాడి వైపుకు వంగి ఉండేవి. వీపు నిటారుగా, బరువంతా సీటు మీద. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, మణికట్టు తిన్నగా. ఒక చేత్తో గొడుగు పట్టుకుని కూడా ఆయన మార్కెట్టుకు వెళ్లివచ్చేవారు. చేతులు తిమ్మిరెక్కాయని ఆయన అనగా మేము వినలేదు. ఆ సైకిలుకు బ్రేకు తీగలే లేవు. హ్యాండిలు కింద ఉక్కు కడ్డీలు, కీలు మీద కీలు, చివర రబ్బరు కట్టెలు. బ్రేకు నొక్కితే కడ్డీ పైకి లేచి, ఆ కట్టెలను రిమ్ము లోపలి అంచుకు అదిమేది. దుమ్ము పడినా, వాన కురిసినా దానికి లెక్క లేదు. వంగితే ఏ ఊళ్లోని సైకిలు షాపు అబ్బాయయినా సుత్తితో సరిచేసేవాడు. బరువు ఎక్కువ, పట్టు తక్కువ, అయినా మొత్తం యంత్రాంగం కంటికి కనబడుతూ ఉండేది.

ఇప్పుడు వెనక్కు వెళదాం. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ తన రెండు చక్రాల బండి మీద బయలుదేరాడు. దానికి పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. చుక్కాని లాంటి ఒక కొయ్యతో పాటు, ముంజేతులు ఆన్చుకోవడానికి మెత్త కుట్టిన పలక ఒకటి అమర్చాడు. చేతులు రెండు పనులు చెయ్యాలి, దారి తిప్పాలి, శరీరాన్ని మొయ్యాలి, అన్న సంగతి మొట్టమొదటి బండిలోనే కనిపిస్తుంది. ఆ తరువాత హ్యాండిలు చరిత్ర అంతా ఈ రెండు పనుల మధ్య తగువే.

మూడో పని 1860లలో వచ్చి చేరింది. ప్యారిస్‌లో మిషో కుటుంబం తయారుచేసిన పెడళ్ల బండికి హ్యాండిలు కడ్డీయే బ్రేకు. దాన్ని పిడికిళ్లతో మెలితిప్పితే ఒక తాడు చుట్టుకుని, వెనక చక్రం మీద ఉన్న రేకును బిగించేది. చేతినుంచి చక్రానికి తాడు ద్వారా ఆజ్ఞ పంపడమన్నమాట. ఈ వ్యాసంలో తీగ కథకు అదే మొదలు. అయితే ఆ తాడు తిన్నని దారిలోనే లాగగలదు. మలుపు తిరగాలంటే కప్పీ కావాలి.

ఆపైన పెద్ద చక్రం సైకిళ్లు వచ్చాయి. మనిషి ఎత్తున ముందు చక్రం మీద కూర్చుని తొక్కేవాడికి, చిన్న రాయి తగిలినా తల ముందుగా నేల మీద పడడం మామూలు. హ్యాండిలు తొడలకు అడ్డం రావడంవల్ల దూకి తప్పించుకోవడానికి వీలుండేది కాదు. అందుకని కొందరు కాళ్ల వెనకనుంచి చుట్టి వచ్చే వాటన్ హ్యాండిలు వాడారు. పడితే కాళ్లు ముందుగా పడతాయని! హ్యాండిలు రూపాన్ని ఎముకల భద్రత నిర్ణయించిన మొదటి సందర్భం ఇదే అనవచ్చు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలుతో రెండు చక్రాలూ ఇంచుమించు సమానమయ్యాయి. 1888లో బెల్ఫాస్టులో పశువైద్యుడు డన్లప్ గాలి టైరు తెచ్చాడు. వేగం పెరిగింది. వేగం పెరగగానే గాలి అడ్డుగోడ అయింది. నడుము వంచితే గాలి తగ్గుతుందని పందెగాళ్లు కనిపెట్టారు. 1890లలో హ్యాండిలు కిందికి దిగడం మొదలయింది. అమెరికాలో ఇలా వంగి దూసుకుపోయే కుర్రాళ్లను స్కార్చర్లని తిట్టేవారు. వెన్నెముక వంగిపోతుందనీ, ముఖం బిగుసుకుపోయి సైకిలు ముఖమనే జబ్బు వస్తుందనీ ఆనాటి వైద్యులు కొందరు భయపెట్టారు. మా వృత్తివారు చెప్పిన ఆ మాటలు చాలా భాగం వట్టివే. కాని ఒక వైద్యుడు మాత్రం సరిగ్గా చూశాడు. 1896లో ఎతియెన్ దెస్తో అనే ఫ్రెంచి వైద్యుడు, సైకిలు తొక్కడంవల్ల అల్నార్ నాడి చచ్చుబడటాన్ని గురించి రాశాడు.

ఆ నాడి మణికట్టు దగ్గర, చిటికెనవేలి వైపు, రెండు చిన్న ఎముకల నడుమ ఇరుకైన సందులోంచి పోతుంది. ఒకటి బఠాణీగింజ లాంటి ఎముక, రెండోది కొక్కెమున్న ఎముక. ఈ సందును 1861లో గుయాన్ వర్ణించాడు, అతని పేరే దానికి నిలిచింది. పైన కండరాల దుప్పటి లేదు. వంగిన శరీరపు బరువు గంటల తరబడి అక్కడ పడితే, చిటికెనవేలూ, ఉంగరపు వేలిలో సగమూ మొద్దుబారతాయి. లోపలి కొమ్మ నలిగితే, వేళ్లను దగ్గరకు చేర్చే కండరాలూ, బొటనవేలిని చూపుడువేలికి అదిమే కండరమూ నీరసిస్తాయి. మా కాగితం పరీక్ష చెప్పిందీ అదే.

చరిత్రలో తమాషా ఏమిటంటే, అదే 1896లో లండన్‌లో ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ ఒక పేటెంటు తీసుకున్నాడు. తీగను చుట్టచుట్టిన ఉక్కు గొట్టంలో పెట్టడం అతని ఉపాయం. లోపలి తీగ లాగుతుంది, బయటి గొట్టం అంతే బలంతో నెడుతుంది. గొట్టం పొడవు మారనంతవరకు దాన్ని ఎటు వంచినా లాగిన లాగుడు అవతలి కొసకు చేరుతుంది. హ్యాండిలు తిరిగినా బ్రేకు తనంతట తాను పట్టదు. మిషో తాడుకు చేతకాని పని ఇది. కడ్డీలూ కీళ్లూ లేకుండా హ్యాండిలు ఏ రూపంలోకైనా వంగడానికి స్వేచ్ఛ దొరికిందీ ఇక్కడే. తరువాత ఈ తీగ మోటారు సైకిళ్లకూ, విమానాలకూ, కెమెరాలకూ పాకింది.

వైద్యవిద్యార్థిగా చేతిని కోసి చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి స్నాయువులు తీగల్లా, నూనె లాంటి ద్రవమున్న ఒరల్లోంచి వేలి కొసలకు పోతాయి. దారి పొడవునా వాటిని ఎముకకు అంటిపెట్టి ఉంచే ఉంగరాలు ఉన్నాయి. ఒర వాచితే స్నాయువు ఇరుక్కుని వేలు టక్కున విడుతుంది. దాన్ని ట్రిగ్గరు వేలు అంటాం. తుప్పుపట్టిన గొట్టంలో ఇరుక్కున్న బ్రేకు తీగ లక్షణమూ సరిగ్గా అదే.

ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాలి. తీగ కనిపెట్టిన బౌడెన్ వేరు, ర్యాలీ కంపెనీని పెంచిన ఫ్రాంక్ బౌడెన్ వేరు. ఈ ఇద్దరినీ కలిపేయడం పుస్తకాలలో సైతం కనిపిస్తుంది. ఫ్రాంక్ బౌడెన్ హాంకాంగులో డబ్బు గడించి, ఆరోగ్యం చెడగొట్టుకుని ఇంగ్లండుకు తిరిగివచ్చినవాడు. వైద్యుడు సైకిలు తొక్కమన్నాడు, తొక్కాడు, కోలుకున్నాడు. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ వీధిలో తన సైకిలు తయారుచేసిన చిన్న దుకాణంలో పెట్టుబడి పెట్టి, 1888లో కంపెనీ స్థాపించాడు. తెనాలిలో తాతగారి సైకిలు తలమీది ఆ పేరు ఒక వీధి పేరని మాకు ఈ దేశం వచ్చాకగాని తెలియలేదు. నాటింగ్‌హామ్‌లో సైకిళ్ల ఉత్పత్తి 2002లో ఆగిపోయింది.

వంగిన హ్యాండిలు సంగతికి వద్దాం. 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన నల్లజాతి అమెరికన్ మేజర్ టేలర్, హ్యాండిలును ముందుకు జరిపే ఒక అమరికతో శరీరాన్ని చాచి తొక్కేవాడు. ఆ అమరికకు అతని పేరే పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, ఇప్పుడు మనం చూసే రూపం స్థిరపడింది. దీనికి మూడు పట్లు. పైన అడ్డకడ్డీ మీద ఒకటి, బ్రేకు లీవరు మూపు మీద ఒకటి, కింద వంపులో ఒకటి. అలసినప్పుడు పట్టు మార్చుకోవడానికే ఈ మూడూ. మార్చుకోకపోతే మాకు పట్టిన గతే. పాత హ్యాండిళ్లలో వంపు లోతు 15 సెంటీమీటర్ల దాకా ఉండేది. ఇప్పటివి చాలావరకు 12, 13 దగ్గర ఉంటున్నాయి.

కొలతల గందరగోళం గురించి ఒక మాట. చేత్తో పట్టుకునే చోట ఈ హ్యాండిలు లావు 23.8 మిల్లీమీటర్లు, తిన్నని హ్యాండిలుకు 22.2. అందుకే ఒకదాని లీవరు రెండోదానికి కుదరదు. మధ్యలో బిగించే చోట 25.4, 26.0, ఇటలీవారి చినెల్లికి 26.4, ఈ శతాబ్దంలో 31.8. పాత సామాను కొనేవారు ఒకదాన్ని మరొకదానిలో బలవంతంగా బిగిస్తే హ్యాండిలు జారుతుంది, లేదా పగులుతుంది.

తీగల దారి ఎలా నడిచిందో చూద్దాం. ఎనభైల దాకా రేసు సైకిలు బ్రేకు తీగలు లీవరు నెత్తిమీదనుంచి లేచి, గాలిలో పెద్ద విల్లులా వంగి బ్రేకులోకి దిగేవి. బట్టలారేసే తాడులా ఉన్నాయని వెక్కిరించేవారు. వెనక బ్రేకు తీగ పైకడ్డీ వెంట క్లిప్పులతో పోయేది. టూర్ డి ఫ్రాన్సులో గొలుసును పళ్ల మీదనుంచి పళ్లకు దూకించే గేర్లను 1937లో అనుమతించారు. ఆ తరువాతి కాలంలో గేరు లీవర్లు వాలుకడ్డీ మీద స్థిరపడ్డాయి. తీగ పొట్టి, దాదాపు తిన్నన, వంకర్లు తక్కువ, లాగితే కచ్చితంగా పలికేది. కాని గేరు మార్చిన ప్రతిసారీ చెయ్యి హ్యాండిలు వదలాలి.

అమెరికాలో 1970ల మొదట్లో సైకిళ్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. కింద వంపులోకి వంగడం ఇష్టంలేని కొత్తవాళ్ల కోసం, అడ్డకడ్డీ వెంట రెండో లీవరు అతికించి అమ్మారు. దానికి భద్రత లీవరని పేరు. అది ప్రధాన లీవరును కొంత దూరమే కదిలించగలదు. తీగ వదులుగా ఉంటే, బ్రేకు పూర్తిగా పట్టకముందే హ్యాండిలుకు ఆనుకుని ఆగిపోతుంది. పేరుకూ పనికీ అంత దూరం.

ఎనభైల్లో తీగలు దాక్కోవడం మొదలయింది. 1981 ప్రాంతంలో షిమానో గాలిని చీల్చే ఏఎక్స్ సామాను తెచ్చింది. బ్రేకు తీగను లీవరు వెనకనుంచి తీసి, హ్యాండిలు పట్టీ కింద దాచే పద్ధతి ఆ దశాబ్దంలోనే మామూలయింది. ముందు భాగం శుభ్రపడింది, సంచీ కట్టుకోవడానికి అడ్డం పోయింది. అయితే ప్రకృతి దేన్నీ ఊరికే ఇవ్వదు. తీగ ఎంత మేర మలుపు తిరిగితే ఘర్షణ అంతగా పెరుగుతుంది, అదీ కూడికగా కాదు, గుణకారంగా. ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే 90 డిగ్రీల మలుపులో సుమారు 15 శాతం బలం పోతుంది. 180 డిగ్రీలకు 27, పూర్తి చుట్టుకు 47 శాతం. మలుపు పెద్దదా చిన్నదా అన్నది ఈ లెక్కలో రాదు, మొత్తం ఎంత తిరిగిందన్నదే లెక్క. గొట్టం లోపల ప్లాస్టిక్ పూత పెట్టి, లీవరు కీలు మెరుగుపరిచి ఈ నష్టాన్ని పూడ్చారు. ఆ పూత అరిగిపోయాక మాలాంటివాడి వేళ్లు ఆ నష్టాన్ని భరించాలి.

1984లో షిమానో క్లిక్కుమనే గేరు లీవరును డ్యూరా ఏస్ సామానులో తెచ్చింది. ఇక తీగ మిల్లీమీటరులో కొన్ని పదోవంతులు తప్పినా గేరు తప్పుతుంది. చుట్టచుట్టిన గొట్టం వంచినప్పుడు దాని పొడవు కాస్త మారుతుంది. బ్రేకుకు అది పరవాలేదు గాని గేరుకు పనికిరాదు. అందుకని తీగలను నిలువుగా పేర్చిన గొట్టం చేశారు. పాఠకులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. గేరు గొట్టాన్ని బ్రేకుకు ఎన్నడూ వాడకూడదు. గట్టిగా నొక్కినప్పుడు అది చీలిపోగలదు. చూపుకు రెండూ ఒకటిగానే ఉంటాయి.

1990లో బ్రేకునూ గేరునూ ఒకే లీవరులో కలిపారు. 1992లో ఇటలీవారి కాంపాన్యోలో తనదైన పద్ధతి తెచ్చింది. చెయ్యి హ్యాండిలు వదలనక్కర లేదు. దాంతో సవార్ల కాపురం లీవరు మూపు మీదికి మారింది. మూపు వెడల్పయింది, చదునయింది. మణికట్టుకు ఇది మేలే. కాని తీగ ఇప్పుడు లీవరు లోపల, కంటికి కనబడని చోట, మళ్లీ మళ్లీ వంగి పోగు పోగుగా తెగుతుంది. ఒకనాడు ఉన్నట్టుండి గేరు మొరాయిస్తే లోపల చూడాల్సింది అక్కడే.

పందేల సంగతి క్లుప్తంగా. 1984లో మెక్సికో నగరంలో ఫ్రాంచెస్కో మోజెర్ ఎద్దుకొమ్ముల హ్యాండిలుతో గంటకు 51.151 కిలోమీటర్లు తొక్కాడు. 1989 టూర్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్ ముంజేతులు ఆన్చుకునే హ్యాండిలు కట్టుకుని, 24.5 కిలోమీటర్లలో 50 సెకన్ల వెనుకబాటును పూడ్చి, లోరాన్ ఫిన్యోను 8 సెకన్ల తేడాతో ఓడించాడు. డ్రైస్ పెట్టిన ముంజేతుల పలక 172 ఏళ్ల తరువాత తిరిగి వచ్చిందన్నమాట! 1993లో స్కాట్లండుకు చెందిన గ్రేమ్ ఓబ్రీ చేతులు రొమ్ము కింద ముడుచుకుని కొత్త రికార్డు సాధిస్తే, మరుసటి సంవత్సరం ఆ భంగిమనే నిషేధించారు. 2021 ఏప్రిల్ నుంచి మామూలు హ్యాండిలు మీద ముంజేతులు ఆన్చడం కూడా రోడ్డు పందేలలో నిషిద్ధం.

ఇప్పటి కొత్త సైకిళ్లలో గొట్టాలు హ్యాండిలు లోపలినుంచి, తల బేరింగు గుండా ఫ్రేములోకి పోతున్నాయి. డిస్కు బ్రేకులను రోడ్డు పందేలలో 2018 జూలైలో పూర్తిగా అనుమతించారు. వాటిలో తీగకు బదులు నూనె గొట్టాలు. 2015లో శ్రామ్ కంపెనీ తీగలేని రేడియో గేర్లు ప్రకటించింది. చూడడానికి ముచ్చటగా ఉంటాయి, కాదనం. కాని మా మిత్రుడి సైకిలుకు ఇరవై పౌండ్ల లోపు బేరింగు మార్చాలంటే, బ్రేకు గొట్టాలు విప్పి, నూనె వదిలి, తిరిగి నింపి, గాలి బుడగలు తీయాలట. కూలి ఎనిమిది రెట్లయింది. తాతగారి కడ్డీ బ్రేకులను చూసి నవ్విన నోటితోనే మేము ఆ బిల్లు చూసి నిట్టూర్చాం.

మా చెయ్యి మాటేమిటంటారా? పట్టీ విప్పి చూస్తే వెనక బ్రేకు గొట్టం మూల దగ్గర నలిగి ఉంది, తీగ తుప్పు పట్టి ఉంది. రెండూ మార్చాం. హ్యాండిలును రెండు సెంటీమీటర్లు పైకి లేపాం, పట్టీని రెండు వరసలు చుట్టాం, లీవర్లను కాస్త పైకి జరిపాం. సీటు ముక్కు కిందికి వాలి ఉండి మమ్మల్ని చేతుల మీదికి తోస్తున్నదని గమనించి, దాన్నీ సమం చేశాం. ఆరువారాలపాటు సైకిలు ముట్టలేదు. ఏడో వారంలో బొత్తాం పెట్టుకోవడం ఎడమచేతికి తిరిగి వచ్చింది. నాడి తెగలేదు, నలిగింది అంతే. నెలల తరబడి అలాగే నొక్కి ఉంచితే ఇంత అదృష్టం ఉండేది కాదు.

వేసవిలో బయలుదేరబోయే మిత్రులకు మూడు మనవులు. పది నిమిషాలకొకసారి పట్టు మార్చండి. తిమ్మిరి మొదలయితే అక్కడే దిగి చేతులు విదిలించండి, మాలాగ ఓర్చుకోవద్దు. ఏడాదికొకసారి తీగ కొసలు రెండూ చూసుకోండి, పట్టీ కింద గొట్టాన్నీ, చెమటకు తుప్పెక్కిన హ్యాండిలునూ కూడా. ఇక అమెరికాకు ఉద్యోగం మార్చుకుని వెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఇంగ్లండులోనూ మన దేశంలోనూ కుడిచేతిది ముందు బ్రేకు, అక్కడ ఎడమచేతిది. అరువు సైకిలెక్కేముందు ఏ చెయ్యి ఏ చక్రాన్ని పట్టుకుంటుందో నిలబడి ఒక్కసారి నొక్కి చూడండి. ప్రతి ఊళ్లోనూ ముళ్లకంచె ఉంటుందన్న నమ్మకం లేదు.